మొదటి రోజు కాగితం

ముప్పై నాలుగేళ్ళు ఉద్యోగం చేసి, దిగిపోయిన రోజున ఆఫీసు నుంచి ఒకే ఒక్క కాగితం ఇంటికి తెచ్చుకున్నాను. సన్మానపత్రం కాదు. అది కూడా ఇచ్చారుగానీ ఎక్కడ పెట్టానో గుర్తులేదు. ఇది అంచుల్లో చిల్లులుండే పాత ప్రింటరు కాగితం. మీద ఇంగ్లీషులో ఒక నలభై వరుసలు, పైన మూలకు నా చేతిరాతతో తేదీ. మా ఆవిడ రెండుసార్లు దాన్ని పాత పేపర్లలో కలిపేసింది, రెండుసార్లూ వెతికి తీసుకున్నాను. ఏముంది అందులో అని అడిగితే ఏమీ లేదన్నాను. నిజానికి అందులో ఏముందో మొదట చూసిన రోజు నాకూ తెలియదు.

కంప్యూటర్ల ముందు కూర్చుని బతికే కుర్రవాళ్ళు ఇది చదివితే వాళ్ళకు పనికొచ్చే ముక్క ఒకటి దొరుకుతుంది. దొరక్కపోయినా ఫరవాలేదు. నేను మాత్రం ఇది చెప్పుకోవాలి.

నా ఉద్యోగంలో మొదటి ఇరవై ఏళ్ళు నారాయణగూడలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో గడిచాయి. ఇప్పటి పిల్లలకు తెలియదుగానీ, అప్పట్లో చౌరస్తా నుంచి ఏ సందులోకి తిరిగినా టకటకమని మిషన్ల చప్పుడు వినబడేది. లోయరు, హయ్యరు పరీక్షలకు పిల్లలను తయారుచేయడం నా పని. కొత్తగా చేరినవాళ్ళకు నేను చెప్పే మొదటి పాఠం ఒకటే: చదవొద్దు. ఎదురుగా పెట్టిన మేటరులో ఏముందో అర్థం చేసుకోవడం మొదలుపెడితే వేళ్ళు నెమ్మదిస్తాయి. అక్షరం కంట్లో పడాలి, వేలి కొసన బయటికి పోవాలి, మధ్యలో బుర్రలో ఆగకూడదు. ఒకసారి ఒక పిల్ల హయ్యరు పరీక్షలో ఒక్క తప్పు లేకుండా రెండు పేజీలు కొట్టి బయటికొచ్చింది. మేటరు దేని గురించమ్మా అని అడిగితే తెల్లమొహం వేసింది. నేను శభాష్ అన్నాను. అట్లా వందలమందిని తయారుచేశాను. అందరికంటే బాగా తయారైంది నేనే.

టైపు మిషన్ల కాలం అయిపోయాక ఇన్‌స్టిట్యూట్ మూసేశారు. నలభై దాటిన వయసులో కిందా మీదా పడి కంప్యూటర్ నేర్చుకున్నాను. చిక్కడపల్లిలో ఒక ట్రస్టువాళ్ళు నడిపే పఠన కేంద్రంలో కుదురుకున్నాను. పెద్ద లైబ్రరీకి నాలుగు సందుల అవతల, ఒక పాత మేడ మీద మూడు గదులు. చూపులేని పిల్లలు సర్కారు పరీక్షలకు చదువుకునే చోటు అది. చాలామంది జిల్లాల నుంచి వచ్చి అశోక్ నగర్ హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. పొద్దున పది కొట్టేసరికి తెల్లకర్రలు మెట్ల మీద టక్ టక్‌మంటూ ఎక్కి వచ్చేవి.

అక్కడొక పద్ధతి ఉండేది. చుట్టుపక్కల ఇళ్ళలోని ఆడవాళ్ళు, రిటైరైనవాళ్ళు వంతులవారీగా వచ్చి పిల్లలకు పుస్తకాలు చదివి వినిపించేవాళ్ళు. జీతం లేదు, పొగడ్త లేదు, ఒక చాయ్ మాత్రం ఉండేది. వాళ్ళను మేం 'చదివేవాళ్ళు' అనేవాళ్ళం. ఒక మూల చరిత్ర, ఒక మూల భూగోళం, ఇంకో మూల కరెంటు అఫైర్సు. ఆ మూడు గదుల్లో పదిమంది గొంతులు కలిసి సంత లాగా ఉండేది. నాకు ఆ గోల కిట్టేది కాదు. బంద్ అంటే రారు, చుట్టాలొస్తే రారు, వచ్చినా చదువుతూ చదువుతూ మధ్యలో ఇంటి సంగతుల్లోకి దిగుతారు. ఇట్లా ఎన్నాళ్ళు అనుకునేవాణ్ణి.

వాళ్ళందరిలోకి పెద్దది ఒక టీచరమ్మ. నారాయణగూడలోనే పుట్టి, అక్కడే పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. రెండేళ్ళుగా ఒకే అమ్మాయికి చదివి వినిపిస్తున్నది. ఆ అమ్మాయిది నల్గొండ వైపు పల్లె. పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీ చేసింది. సన్నటి గొంతు, చాలా తక్కువ మాటలు. వాళ్ళ జిల్లాలో చూపులేనివాళ్ళకు కేటాయించిన బ్యాక్‌లాగ్ పోస్టు ఒకటి ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండి, 2011లో దానికి నోటిఫికేషన్ పడింది.

"ఒక్కటే ఉన్నది సార్. మల్ల ఎప్పుడేస్తరో తెల్వది. ఇది గిట్ల పోతే మా అన్న ఇంటికి తీస్కపోత అన్నడు" అని ఆ అమ్మాయి నాతో ఒకసారి చెప్పింది. ఆమె తన గురించి నాతో అన్ని మాటలు కలిపి మాట్లాడింది అదే మొదలు.

నేనేమో అప్పటికి ఏడాదిగా ఒక పెద్ద పనిలో ఉన్నాను. ఎవరో దానమిచ్చిన నాలుగు కంప్యూటర్లలో విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాను. పరీక్ష పుస్తకాలన్నీ నేనే కూర్చుని తెలుగులో టైపు చేశాను. వెయ్యికి పైగా పేజీలు. నా వేగం చూసి ట్రస్టు కార్యదర్శి గారు నోరు తెరిచారు. ఆ పుస్తకాల్లో ఏముందని అడిగితే మాత్రం నేనూ నోరు తెరిచేవాణ్ణి, అది వేరే సంగతి. రాసిన తెలుగును గొంతుతో చదివే ప్రోగ్రాం ఒకటి ఉంది. దానికి బొమ్మలూ బటన్లూ ఉండవు. నల్లటి తెర మీద ఆదేశం టైపు చేస్తే, ఫైల్లో ఉన్నదంతా చదివి, సెల్‌ఫోన్‌లో వేసుకుని వినేటట్టు చేసి ఇస్తుంది. ఇక ఎవరి వంతూ ఎవరి చాయ్ అక్కర్లేదు.

అప్పటికి నా దగ్గరున్నది దాని పాత రకం. దాన్ని ఒకసారి అందరికీ వినిపించాను. అది తెలుగును ముక్కుతో, ఒత్తులు మింగేస్తూ చదివింది. అందరూ మర్యాదకు బాగుందన్నారు. టీచరమ్మ మాత్రం చాయ్ గ్లాసు పక్కన పెట్టి అన్నది:

"తమ్ముడూ, నీ మిషన్‌కు జలుబు చేసినట్టున్నదయ్యా. జర శొంఠి కషాయం పట్టు."

గదంతా నవ్వింది. ఆ అమ్మాయి కూడా నవ్వింది. నేనూ నవ్వానుగానీ, ఆ మాట నాకు లోపల గుచ్చుకుని ఉండిపోయింది. కొత్త రకంలో తెలుగు చాలా మెరుగైందని ఇంటర్నెట్‌లో చదివాను. దాన్ని తెచ్చి వినిపించి, ఈమె నోరు మూయించాలి అనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. యాభై దాటిన మనిషిని, ఒక జోకుకు పగబట్టాను.

పరీక్షకు ఇంకా నాలుగు వారాల పైచిలుకు ఉందనగా, ఒక శనివారం చదివేవాళ్ళందరినీ కూర్చోబెట్టి చెప్పాను. "సోమవారం నుంచి మీకు శ్రమ లేదు. ఇక మిషన్ చదువుతది." ఒకరిద్దరు అమ్మయ్య అన్నారు. టీచరమ్మ నా మొహంలోకి చూసింది.

"పిల్ల పుస్తకం సగంల ఉన్నది తమ్ముడూ. గిది అయ్యేదాంక వస్తనంటే నీకేమన్న కష్టమా?"

"ఎందుకక్కా, మిషన్ రెండు దినాల్ల అయిపోగొడ్తది. మీరు రెస్టు తీస్కోండ్రి."

ఆమె చేతిసంచిలోంచి బస్సు టికెట్టు తీసి, చదువుతున్న పేజీలో పెట్టి, పుస్తకం మూసి ఆ అమ్మాయి చేతికిచ్చింది. తల నిమిరి మెట్లు దిగిపోయింది.

ఇక్కడొక చిన్న వివరం ఉంది. ఆ శనివారం నాటికి కొత్త ప్రోగ్రాం నా కంప్యూటర్‌లో లేదు. జలుబు చేసిన పాతదాన్ని అప్పటికే తీసిపారేశాను. దాన్ని ఎక్కించడం గంట పని అనుకున్నాను, అంతే.

సోమవారం పొద్దున మొదలుపెట్టాను. ఆ అమ్మాయి పదింటికే వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో హెడ్‌ఫోన్లు. సుల్తాన్ బజార్‌కు పోయి కొత్తవి కొనుక్కొచ్చుకుంది. ఆ ప్రోగ్రాం తయారు సరుకుగా దొరకలేదు. దాని మూలప్రతి దించుకుని, మన కంప్యూటర్‌లోనే తయారుచేసుకుని, తర్వాత ఎక్కించుకోవాలి. ఆదేశాలన్నీ ఒక్క తప్పు లేకుండా కొట్టాను. తెర మీద ఇంగ్లీషు వరుసలు జలజలా పారాయి. నాకు హాయిగా అనిపించింది. అలవాటు ప్రకారం ఆఖరి పేజీని ప్రింటు తీసి, మీద తేదీ వేసి, ఫైల్లో తగిలించాను. ఏ పనికైనా కాగితం ఉండాలన్నది నా నియమం. ఆ కాగితాన్ని చదవాలన్నది నియమంలో లేదు.

తర్వాత ప్రోగ్రాంను నడిపించాను. అది నడవలేదు. తనకు కావలసిన ఒక అనుబంధ ఫైలు దొరకడం లేదని ఒక వరుస చెప్పి ఆగిపోయింది.

"ఏమన్నది సార్?" అని అడిగింది ఆ అమ్మాయి.

"ఏదో ఫైలు లేదంటున్నదమ్మా."

"మొదటికెళ్ళి ఏమేం వచ్చిందో జర చదువుండ్రి సార్. నేను కూడ వింట."

"అదంతా ఇంగ్లీషమ్మా. కంప్యూటర్ భాష. నీకు సమజ్ కాదు."

"డిగ్రీ ఇంగ్లీష్ మీడియంలనే చేసిన సార్" అన్నది మెల్లగా. నేను విననట్టు కీబోర్డు మీదికి వంగాను.

ఫైలు లేదన్నది కాబట్టి ఫైలు లేదు అనుకున్నాను. అంటే దించుకున్న ప్రతిలోనే లోపం ఉండాలి. మా కేంద్రంలో ఇంటర్నెట్ అంతంతమాత్రం. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని అశోక్ నగర్‌లోని నెట్ సెంటర్‌కు నడిచాను. అక్కడ ఎప్పుడు చూసినా దరఖాస్తులు నింపే పిల్లలు బారులు తీరి ఉంటారు. నా వంతు వచ్చి, దించుకుని, తిరిగొచ్చి ఎక్కించేసరికి సాయంత్రమైంది. మళ్ళీ అదే మాట, ఫైలు లేదు. మర్నాడు ఇంకో ప్రతి. ఆ తర్వాత కొంచెం పాత ప్రతి, కొంచెం కొత్త ప్రతి. ఒక వారం అట్లా పోయింది. రెండో వారం అసలు లినక్సే చెడిపోయిందని అనుమానం వచ్చి, మొత్తం తుడిచేసి మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాను. అది రెండు రోజులు తిన్నది. పక్క కంప్యూటర్‌లో చేసి చూశాను. అందులోనూ అంతే. ప్రతిసారీ ఆఖరి పేజీని ప్రింటు తీసి, తేదీ వేసి ఫైల్లో పెట్టాను. ఫైలు మాత్రం లావెక్కింది.

మిగతా పిల్లలు ఎవరి ఏర్పాటు వాళ్ళు చేసుకున్నారు. ఒకరికి తమ్ముడున్నాడు, ఒకరికి రూమ్మేటు ఉన్నాడు. ఆ అమ్మాయికి ఎవరూ లేరు. హాస్టల్లో గదిలో ఉన్న ముగ్గురూ వాళ్ళ పరీక్షల్లో వాళ్ళు మునిగి ఉన్నారు. అందుకని రోజూ పదింటికి వచ్చేది, అయిదింటికి వెళ్ళేది. బ్రెయిలీలో రాసుకున్న పాత నోట్సు మీదే వేళ్ళు ఆడించుకుంటూ కూర్చునేది. పుస్తకం ఆమె పక్కనే బల్ల మీద ఉండేది, మధ్యలో బస్సు టికెట్టుతో.

"ఇయ్యాల అయితదా సార్?"

"అయితదమ్మా."

రోజూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు. ఒక్కరోజు కూడా ఆమె గొంతు పెంచలేదు.

ఇంత రాస్తున్నాను కదా, ఇప్పుడు నన్ను అన్నిటికంటే బాధపెట్టేది మీకు చెప్పాలి. నాకు కళ్ళున్నాయి. తెలుగు వచ్చు. పుస్తకం చేతికందే దూరంలో ఉంది. నేనే ఆ పుస్తకం తీసి, టికెట్టు ఉన్న పేజీ తెరిచి, ఆమెకు చదివి వినిపించవచ్చు. అన్ని రోజుల్లో ఒక్క గంట కూడా నాకు ఆ ఆలోచన రాలేదు. నా పని మిషన్‌తో చదివించడం అనుకున్నాను. ఆ అమ్మాయికి పుస్తకం వినిపించడం అనుకుని ఉంటే బాగుండేది.

అడిగితే చెప్పేవాళ్ళు లేక కాదు. ఊళ్ళో లినక్స్ తెలిసిన కుర్రవాళ్ళు నెలకోసారి ఒకచోట కలుస్తారని నాకు తెలుసు. కార్యదర్శి గారు కూడా "ఎవర్నన్న అడగరాదుండ్రి సార్" అన్నారు. నా దగ్గర టైపు నేర్చుకున్న పిల్లల కొడుకుల వయసు వాళ్ళను పోయి అడగడం నాకు నామోషీ. పన్నెండో రోజునో పదమూడో రోజునో టీచరమ్మ ఇంటిదాకా వెళ్ళాను. చేతిలో అరటిపళ్ళు కూడా ఉన్నాయి. కిటికీలోంచి ఆమె గొంతు వినబడింది. భర్తకు పేపరు చదివి వినిపిస్తున్నది, మధ్యమధ్య తిట్లు కలుపుతూ. గేటు మీద చెయ్యి వేశాను. 'మిషన్‌కు జలుబు తగ్గిందా తమ్ముడూ' అని అడుగుతుందేమోనన్న భయం వేసింది. చెయ్యి తీసేసి వచ్చేశాను. అరటిపళ్ళు దారిలో ఆవు తిన్నది.

పంతొమ్మిదో రోజు శుక్రవారం. పరీక్షకు తొమ్మిది రోజులే ఉంది. పొద్దున్నే మళ్ళీ ఒకసారి మొత్తం ఎక్కించి, మళ్ళీ అదే మాట పడి, తల పట్టుకుని కూర్చున్నాను. ఆ అమ్మాయి నోట్సు పక్కన పెట్టింది.

"సార్, కోపం చేయకుండ్రి, ఒకటి అడుగుత. మీరు ఫైలు లేదంటున్నది, ఫైలు లేదంటున్నది అంటరు. అది ఇంకేమన్నదో మీరు ఒక్కసారి కూడ చదవలేదు. ఇయ్యాల మొదటికెళ్ళి నాకు చదువుండ్రి. నాకు సమజ్ కాకుంటే కాకపాయె. ఇనుడే గద సార్ నా పని."

నాకు కాదనే ఓపిక కూడా లేదు. తెరను పైకి జరిపి చదవడం మొదలుపెట్టాను. గట్టిగా చదవాలంటే మాట పలకాలి, పలకాలంటే చూడాలి. టైపు చేసినట్టు కుదరదు. మొదటి పది వరుసలకే నాలుక తడబడింది. ఇరవై వరుసలయ్యాయి. చివరికి వస్తుండగా ఆమె చెయ్యెత్తింది.

"ఆగుండ్రి. గది మల్ల చదువుండ్రి."

మళ్ళీ చదివాను. ఫలానా చోట అనుబంధ ఫైళ్ళు పెట్టడం జరిగింది. వాటిని వాడుకోవాలంటే ఇన్ని మార్గాలున్నాయి. వాటిలో ఒకటి, ఆ చోటి పేరును కంప్యూటర్ వెతికే జాబితాలో చేర్చమని మీ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌కు చెప్పండి.

"అంటే ఫైలు ఉన్నది సార్. యాడ పెట్టిందో అదే చెప్తున్నది. మిషన్ ఆడ దేవులాడుతలేదు, గంతే గదా?"

"అంతేనమ్మా" అన్నాను.

"మరి సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌కు చెప్పమంటున్నది గద. ఈ కంప్యూటర్లు చూసుకునే ఆయన ఎవరు సార్?"

"నేనే అమ్మా."

ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ఆ జాబితా ఉన్న ఫైలు తెరిచి, ఆ చోటి పేరు ఒక వరుస చేర్చాను. జాబితాను మళ్ళీ చూసుకోమని కంప్యూటర్‌కు చెప్పే ఆదేశం ఒకటి ఉంటుంది, ఒకటే మాట, అది కొట్టాను. ప్రోగ్రాంను నడిపించాను. చాయ్ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. టికెట్టు ఉన్న పేజీ నుంచి మిషన్ చదవడం మొదలుపెట్టింది. తెలుగు నిజంగానే మెరుగైంది. జలుబు చాలావరకు తగ్గింది.

ఆ అమ్మాయి హెడ్‌ఫోన్లు పెట్టుకోలేదు. రెండు వాక్యాలు విన్నది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది.

"సార్, గా మాట మొదటి దినం కూడ వచ్చిందా?"

నా చెయ్యి దానంతటదే ఫైలు మీదికి పోయింది. మొదటి కాగితం అన్నిటికంటే అడుగున ఉంది. తీశాను. కింది నుంచి లెక్కపెడితే ఏడో వరుస. అదే మాట, పొల్లు పోకుండా. మీ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌కు చెప్పండి.

"లేదమ్మా. ఇయ్యాలనే వచ్చింది" అన్నాను.

"కాగితం చప్పుడైంది?"

"పాత బిల్లులమ్మా, సదురుతున్న."

ఆమె తలూపి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. చూపులేనివాళ్ళకు రాసింది ఉన్నదున్నట్టు చదివి వినిపించడానికి పెట్టిన చోటు అది. అక్కడ కూర్చుని, కాగితం మీద ఉన్నదాన్ని లేదని చెప్పాను. నా ఎదుటి మనిషికి సరిచూసుకునే వీలు లేదు కాబట్టి చెప్పగలిగాను. ఆ కాగితం ఫైలు నుంచి తీసి మడతపెట్టి నా సొరుగులో దాచాను.

ఆ సాయంత్రమే టీచరమ్మ ఇంటికి పోయాను. ఈసారి గేటు తీశాను. మిషన్ బాగైందని, అయినా మీరు రావాలని చెప్పాను. ఆమె జలుబు సంగతి ఎత్తలేదు. "రేపు ఎన్నింటికి?" అని మాత్రం అడిగింది. మర్నాడు తొమ్మిదిన్నరకే వచ్చి కూర్చుంది. పగలు ఆమె చదివేది, సాయంత్రం హాస్టల్లో వినడానికి మిషన్ చదివింది సెల్‌లో వేసి ఇచ్చేవాణ్ణి. చదువుతూ చదువుతూ టీచరమ్మ గొంతు బొంగురుపోయింది. ఒకరోజు ఆమె మంచినీళ్ళు తాగే మధ్యలో నేను పుస్తకం అందుకుని ఒక పేజీ చదివాను. నేను టైపు చేసిన పేజీయే. అందులో ఏముందో అప్పుడే తెలుసుకున్నాను. పరీక్ష ముందు రోజు సాయంత్రానికి ఇంకా రెండు అధ్యాయాలు మిగిలిపోయాయి.

రెండు మార్కుల్లో ఆ పోస్టు పోయింది. ఆ రెండు అధ్యాయాల నుంచి నాలుగు ప్రశ్నలు వచ్చాయట. టీచరమ్మ నాకు చెప్పింది. చెప్పి ఊరుకోలేదు.

"నువ్వు మిషన్ తెచ్చినందుకు నాకు కోపం లేదు తమ్ముడూ. మంచి పనే. మిషన్ రాకముందే మమ్మల్ని తోలేసినవు సూడు, గదొక్కటే నాకు మనసుల ఉన్నది."

కార్యదర్శి గారు మీటింగు పెట్టారు. చదివేవాళ్ళను ఎందుకు ఆపారు, అన్ని రోజులు ఎందుకు పట్టింది అని అడిగారు. నా ఉద్యోగం పోవడానికి ఆ రెండు ప్రశ్నలు చాలు. నేను నోరు తెరిచేలోగా వెనక కుర్చీలోంచి ఆ అమ్మాయి లేచింది. సామాన్లు సర్దుకుని ఊరికి పోయే ముందు సెలవు తీసుకుందామని వచ్చింది.

"సార్ తప్పేం లేదు సార్. ఏం చేయాల్నో మిషన్ ఆఖరు దినం దాంక చెప్పలే. చెప్పినంక సార్ అయిదు నిమిషాలల్ల చేసిండ్రు. నేను పక్కనే ఉన్న."

సాక్ష్యం గట్టిది కదా. ఎవరూ మారు మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు. కార్యదర్శి గారు మినిట్సు పుస్తకంలో 'సాంకేతిక కారణాల వల్ల ఆలస్యం' అని రాయించారు. రాసింది నేనే, మంచి దస్తూరీతో. కింద వాళ్ళ అన్న ఆటో తెచ్చి నిలబెట్టాడు. ఆమె కర్ర చప్పుడు మెట్ల మీద కిందిదాకా వినబడింది.

ఆ తర్వాత నేను బాగా మారానని రాస్తే మీకు బాగుంటుంది. కొంత మారాను. చదివేవాళ్ళను మళ్ళీ పిలిపించాను. మిషనూ ఉంది, వాళ్ళూ ఉన్నారు. నల్లతెర మీద వచ్చిన ప్రతి వరుసా పెదవులు కదుపుతూ చదివేవాణ్ణి, పిల్లలు చాటున నవ్వుకునేవాళ్ళు. దిగిపోయేదాకా అట్లాగే చేశాను. మీకు పనికొచ్చే ముక్క ఉందన్నాను చూడండి, అది ఇదే: తప్పు చూపించే ఒక్క వరుసతో ఆగిపోకండి, దానికి పైనున్నది కూడా గట్టిగా చదవండి. పక్కన ఎవరైనా ఉంటే వాళ్ళకు వినబడేటట్టు చదవండి. అయితే నేను కాగితం దాచుకున్నది మీకు ఈ పాఠం చెప్పడానికి కాదు.

ఆ అమ్మాయి ఇప్పుడు వాళ్ళ జిల్లాలోనే ఒక బడిలో పాఠాలు చెబుతున్నదని టీచరమ్మ చనిపోయే ముందు నాతో అన్నది. ఇప్పుడు ఫోన్లే అన్నీ చదివి వినిపిస్తున్నాయట. పేపరు, ఉత్తరం, పుస్తకం ఏదైనా. జలుబు అసలే లేదట. ఎవరి వంతు కోసం ఎదురుచూడకుండా, ఎవరు ఏం దాస్తున్నారో అన్న అనుమానం లేకుండా తనకు కావలసింది తనే వింటున్నదట. అది విన్న రోజు నుంచి ఇది రాయాలనుకుంటున్నాను. ఎందుకంటే, దీన్ని అచ్చు వేస్తే ఏదో ఒకరోజు ఆమె ఫోన్ దీన్ని కూడా చదువుతుంది. మధ్యలో నేనుండను, కాబట్టి ఒక్క మాట కూడా మారదు.

కాగితం ఇప్పుడు నా ముందు బల్ల మీద ఉంది. మడతల దగ్గర సిరా చెదిరింది, అయినా కనబడుతున్నది. మళ్ళీ లెక్కపెట్టాను. కింది నుంచి ఏడో వరుస.

అమ్మా, ఆ మాట మొదటి రోజు కూడా వచ్చింది.